రెండు నలుపులు

అరండల్‌పేటలో ఆ షాపు,
ఫ్యాన్లూ కుక్కర్లూ దాటి లోపలికెళితే
గోడ నిండా ఒకటే చేప ఈదుతోంది
ఇరవై ఆరు టీవీల్లో.

మాకు కావాల్సింది ఒక్కటి.
కొంగు ముడిలో పద్నాలుగు వేల ఎనిమిది వందలు.
మిరపకాయ తొడిమలు తుంచి తుంచి
కిలోకి ఇంతని కూడబెట్టినవి.
నోట్లు కూడా ఘాటే.

కుర్రాడి పేరు ఇశ్రాయేలు, జేబు మీద రాసుంది.
రెండు టీవీలు పక్కపక్కన వేసి చూపించాడు.
రెండూ నలభై అంగుళాలే. ధరలో తేడా మూడొందలు.
"దీంట్లో నలుపు నలుపులా ఉంటదమ్మా,
కానీ ఎదురుగా కూర్చోవాలి.
పక్కకి జరిగితే మొహాలు పాలిపోతాయి.
అదేమో ఏ మూల నుంచి చూసినా ఒకటే బొమ్మ,
నలుపు మాత్రం కొంచెం బూడిద."

మా ఆయన మస్తాన్ మొదటిదాని ముందే ఆగిపోయాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు ప్రొజెక్టర్ గదిలో బతికిన మనిషి.
కార్బన్ కడ్డీల మంటకి కుడికన్ను సగం ఇచ్చేశాడు.
ఆ హాలు ఇప్పుడు పెళ్ళిళ్ళకిస్తున్నారు,
తెర ఉన్నచోట పెళ్ళికొడుకు కుర్చీ.
"వెలుగు ఎవడైనా వేస్తాడు సైదా,
చీకటిని చీకటిగా ఉంచడమే పని" అంటాడు,
పొయ్యి మీద అన్నం మాడుతున్నా సరే.
వీధంతా పడుకున్నాక లైట్లార్పి
పాత సినిమా పెట్టుకోవడం ఆయన అలవాటు.
టీవీ పాడైన నాటి నుంచి
ఆర్పిన గదిలో ఊరికే కూర్చుంటున్నాడు.

నేను పగటి మనిషిని.
తలుపు తీసి ఉండాలి, ఎండ లోపలికి రావాలి,
లేకపోతే ఏది కాయో ఏది తాలో తెలీదు.
గడప పక్కన గోనె పరుచుకుని
చేతులు కాయల్లో, చెవులు సీరియల్లో,
మెడ అడ్డంగా తిప్పి ఒక కన్ను బొమ్మ మీద.
ఏడేళ్ళుగా ఆ అత్తాకోడళ్ళని
సగం మొహాలతోనే ఎరుగుదును.

"ఎక్కడ కూర్చుని చూస్తారు?" అన్నాడు ఇశ్రాయేలు.
"మంచం మీద" అన్నాడాయన.
కుర్రాడు ఇంకా నా వైపే చూస్తున్నాడు.
"కింద" అన్నాను. "పక్కగా."

మస్తాన్ చెప్పులు విడిచాడు.
వాషింగ్ మిషన్‌కీ గోడకీ మధ్య సందులో దూరి
గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు టకటకమన్నాయి.
కౌంటర్ మీద నుంచి ఓనరు తొంగి చూశాడు.
సిగ్గుతో చచ్చిపోయాను.
తర్వాత గుర్తొచ్చింది.
కొత్త పెట్టె దిగిన ప్రతి శుక్రవారం
మొదటాటకి ముందు మెట్లు దిగి
నేల క్లాసులో ఎడమ చివర, విరిగిన బెంచీ మీద
పది నిమిషాలు కూర్చునేవాడట.
మూలోడికి ఎలా కనపడుతుందో చూసుకుని
మళ్ళీ పైకెక్కి లెన్సు సవరించేవాడట.
పెళ్ళయిన కొత్తలో చెప్పాడు.
నేను అప్పుడు నిద్రలో ఉన్నాను, ఊ కొట్టాను.

సందులోంచి మొదటిదాన్ని చూశాడు. రెండోదాన్ని చూశాడు.
మళ్ళీ మొదటిదాన్ని, చాలాసేపు,
రైలెక్కిన మనిషిని చూసినట్టు.
"ఆ బూడిదది కట్టు బాబూ."
లేవడానికి ఇశ్రాయేలు చెయ్యిచ్చాడు.
డబ్బు లెక్కపెడుతూ ఓనరు రెండుసార్లు తుమ్మాడు.

మిగిలిన మూడొందల్లో ఆటోకి నూటయాభై.
పెట్టెకి అటు ఆయన, ఇటు నేను,
ఓవర్‌బ్రిడ్జి దాటేదాకా ఒకరికొకరం కనపడలేదు.

రాత్రి లైట్లార్పాడు.
నూతి దగ్గర చీకటి సీను.
"చూశావా, బూడిద" అన్నాడు.
కాసేపాగి మళ్ళీ, "బూడిదే."
నేను గడప పక్కనుంచి చూస్తున్నాను,
హీరోయిన్ రెండు చెంపలూ ఒకే రంగులో ఉన్నాయి.
పైకి అనలేదు.

ఇంతలో కరెంటు పోయింది.
వీధి మొత్తం పోయింది.
తెర లేదు, గోడ లేదు, మేం లేం.
ఎక్కడో గోనెలో కాయలు ఘాటు వదులుతున్నాయి.
"ఇదీ" అన్నాడు మంచం వైపు నుంచి,
"ఇదీ నలుపంటే."

నేను అగ్గిపెట్టె వెతకలేదు.